కుడివైపు వెలుతురు

గ్రనాడా,
మార్చి 11, 1987

అన్నయ్యకి,

ఇక్కడ అందరం క్షేమం, నాన్న గిటార్ల పనికొట్టు పైకప్పు తప్ప. పోయిన వారం మూడు రోజులు ఆగకుండా కురిసిన వానకి వీధివైపు కప్పు కూలింది. నాన్న పోయాక ఎనిమిదేళ్ళుగా తాళం వేసి ఉన్న కొట్టు కదా, పెంకులు జరిగినా చూసే దిక్కు లేకపోయింది. తలుపు తీసేసరికి గచ్చంతా తడిసిన సున్నం, రెల్లుపుల్లలు, రెండు చచ్చిన పావురాలు. దేవుడి దయవల్ల చెక్కలన్నీ లోపలి గోడవైపు ఉన్నాయి. ఒక్కటి తడవలేదు.

తాపీ మేస్త్రీ నికాసియోని పిలిపించాను. ఆయన మెడ ఎత్తి చాలాసేపు చూసి, "అమ్మా కసిల్డా, ఈ మిగిలిన సగం ఎందుకు నిలబడిందో నాకు తెలియట్లేదు. దానికీ తెలిసినట్టు లేదు. తెలిసేలోపు మనమే దింపేద్దాం" అన్నాడు. అంతే, రెండు రోజుల్లో ఇల్లు పీకి పందిరేసినంత పనైంది.

అన్నయ్యా, చెక్కలు ఒక్కొక్కటే తీసి ముంగిట్లో ఆరబెడుతుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ప్రతి పలక మీదా నాన్న పెన్సిల్ రాత. '1949, మంచు ఎక్కువ పడిన ఏడు.' '1952, గ్రాసియానో దగ్గర కొన్నది, బేరం ఆడాను.' సైప్రస్ పలక ఒకటి గోటితో గీరి వాసన చూశాను. నువ్వు చిత్రిక పొట్టు కుప్పలో పడి నిద్రపోయిన రోజులు గుర్తొచ్చాయి. అమ్మ నిన్ను దులిపి దులిపి అన్నానికి కూర్చోబెట్టేది. నీ సూపులో పొట్టు తేలేది, అయినా తాగేవాడివి. నవ్వుకున్నాను, తర్వాత కాస్త ఏడ్చాను కూడా.

ఈ ఎనిమిదేళ్ళూ నలుగురు మేస్త్రీల గుమ్మాలకి తిరిగి వాళ్ళ గిటార్లకి లక్క పాలిష్ పెట్టాను. ఇక చాలనిపించింది. కొట్టు బాగుచేయించి మళ్ళీ తలుపులు తెరుస్తాను. సగం నీది కాబట్టి నీకు చెప్పడం ధర్మం.

రెమేయ్ వదినకి ముద్దులు.

నీ చెల్లి,
కసిల్డా


బార్సిలోనా,
మార్చి 29, 1987

ప్రియమైన చెల్లాయికి,

నీ ఉత్తరం మీ వదినకి చదివి వినిపించాను. రెండో పేజీకి వచ్చేసరికి కాగితం ఆవిడ చేతికిచ్చేశాను, మిగతాది ఆవిడే చదివింది. ఈ తలుపుల ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్ళుగా రోజూ చెక్క వాసనే పీలుస్తున్నాను. ఒక్కరోజు కూడా అది మన కొట్టు వాసన కాలేదు.

నాన్న నా కళ్ళముందే ఉన్నాడు. సెలవులకి వచ్చినప్పుడల్లా గుమ్మంలోనే కనిపించేవాడు. రెండు చేతులూ ఆప్రాన్ జేబుల్లో పెట్టుకుని ఎంత ధీమాగా నిలబడేవాడు! ఎవరైనా గిటార్ అడిగితే జేబులోంచి చెయ్యి కూడా తీసేవాడు కాదు. "రెండేళ్ళు ఆగు" అనేవాడు. వాళ్ళు ఆగేవాళ్ళు. అదీ బాల్దొమేరో కెసాడా అంటే.

నా నలభయ్యో పుట్టినరోజుకి నాన్న పంపిన 1971 గిటార్ ఇప్పటికీ మా హాల్లో గోడకి ఉంది. ఆదివారం ఆదివారం ఇక్కడి గ్రనాడా వాళ్ళ సంఘానికి తీసుకెళతాను. వాయించేవాళ్ళంతా దాని కోసం కొట్టుకుంటారు. "ఇది మనిషి చెయ్యి కాదు ఎవరిస్తో, మీ నాన్న చేతిలో దేవుడు కూర్చున్నాడు" అంటారు. అప్పుడు నేను ఎంత ఎత్తు పెరుగుతానో నీకు తెలియదు.

ఆ సంగతే చెప్పాలి. మా సంఘానికి కొత్త భవనం వచ్చింది. అందులో ఒక గది 'మాస్టర్ బాల్దొమేరో కొట్టు' పేరుతో పెడదామని నేనే ప్రతిపాదించాను. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నాన్న పనిబల్ల, గిటార్ అచ్చులు, ఉలులు, జిగురు గిన్నె అన్నీ ఎలా ఉన్నవి అలా ఇక్కడ అమర్చి చుట్టూ అద్దం పెడతారు. సెప్టెంబర్ 12న లారీ వస్తుంది. నేను మాట ఇచ్చేశాను. నువ్వు కాదనవని తెలుసు.

కాబట్టి కప్పు వేయించు. లోపల మాత్రం ఏదీ కదిలించకు. బల్ల మీద దుమ్ము కూడా తుడవకు, అది నాన్న దుమ్ము.

నీ అన్నయ్య,
ఎవరిస్తో


గ్రనాడా,
ఏప్రిల్ 20, 1987

అన్నయ్యకి,

దుమ్ము తుడిచేశాను. నీ ఉత్తరం వచ్చేసరికే తుడిచేశాను, రాకపోయినా తుడిచేదాన్నే. అది నాన్న దుమ్ము కాదు నాయనా, ఎనిమిదేళ్ళ వీధి దుమ్ము. నీకు అంతగా కావాలంటే కప్పు కూలిన మట్టి రెండు బస్తాలుంది, లారీ పంపు.

ఈస్టర్ ముందు పవిత్రవారమంతా వానే. ఊరేగింపులు సగంలో ఆపేసి విగ్రహాలకి ప్లాస్టిక్ కప్పి పరిగెత్తారు. మా నికాసియో మాత్రం ఆనందంగా ఉన్నాడు, కొత్త కప్పు ఒక్క చుక్క కార్చలేదు. రెల్లు తీసేసి పలకలు కొట్టించాను. గోడలకి రెండు పూతలు సున్నం వేయించాను. ఇక లోపలి సంగతి విను. నాన్న చిందరవందర నీకు గుర్తుండే ఉంటుంది. చిన్న ఉలి కావాలంటే పెద్ద రంపాన్ని కదిపి, దాని కింద నిన్నటి రొట్టె ముక్క తీసి, దాని కింద వెతకాలి. ఇప్పుడు ఉలులన్నీ వెడల్పు వరసన గోడకి ఉన్నాయి. బిగింపులు ఒక కమ్మీకి, అచ్చులు మేకులకి. ఎముక ముక్కలు, ముత్యపు చిప్పలు, రంగు పుల్లలు వేటి డబ్బా వాటిది. నాన్న చూస్తే "ఇదేమిటి, మందుల కొట్టా?" అని అరిచేవాడు, సందేహం లేదు.

బల్ల కూడా జరిపించాను. కిటికీకి అటుపక్క గోడకి ఉండేది కదా, ఇప్పుడు ఇటు గోడకి ఉంది. నలుగురు మోశారు. మన వీధి హిలారియో బాబాయి కర్ర ఊపుకుంటూ వచ్చి అజమాయిషీ చేశాడు. ఎనభై ఏళ్ళొచ్చినా ఆయన గిటార్లు చెయ్యడం మానలేదు, పక్కవాళ్ళకి పని చెప్పడమూ మానలేదు. "జాగ్రత్తరా, ఆ బల్లకి మీ అందరికంటే వయసెక్కువ" అంటాడు వాళ్ళతో.

బల్ల అక్కడికి ఎందుకంటే నాకు వెలుతురు కుడివైపు నుంచి రావాలి. నేను ఎడమచేతివాటం కదా. పాతచోట నా చేతి నీడ నా పని మీదే పడుతుంది.

అందుకని అన్నయ్యా, బల్ల రాదు. అచ్చులూ రావు. నాకు వాటితో పనుంది. మీ సంఘం వాళ్ళకి నాన్న ఫోటో ఒకటి పెద్దది చేయించి పంపుతాను.

కసిల్డా


బార్సిలోనా,
మే 2, 1987

కసిల్డాకి,

నాకు ఒళ్ళు మండిపోతోంది కనుక సూటిగా రాస్తున్నాను.

నలభై ఏళ్ళు నాన్న నిలబడిన చోటు నుంచి బల్ల జరపడానికి నీకు చెయ్యెలా వచ్చింది? కళ్ళు మూసుకుంటే ఆ కిటికీ, ఆ బల్ల, బల్ల దగ్గర నాన్న కనపడతాడు నాకు. పరాయి ఊళ్ళో ముప్పై రెండేళ్ళు ఆ బొమ్మ పట్టుకుని బతికాను. నువ్వు ఒక్క మధ్యాహ్నంలో చెరిపేశావు. పైగా జోకులు.

'నాకు పనుంది' అట. ఏం పని? పాలిష్ పెట్టడానికి ఓ గుడ్డా, లక్క సీసా, ఒళ్ళో గిటారూ చాలు. అమ్మ వంటింట్లో కూర్చుని పెట్టేది. మన వీధిలో భార్యలూ కూతుళ్ళూ అందరూ అలాగే పెట్టారు. దానికి గిటార్ మేస్త్రీ బల్ల ఎందుకు? పాలిష్ పని తక్కువని నేను అనను, నీ పాలిష్ అద్దం లాంటిది. కానీ నాన్న పేరుతో కొట్టు తెరిచి పక్కవాళ్ళ గిటార్లకి మెరుగు పెడితే దాన్ని చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటారు.

నీకు తెలియని సంగతి ఒకటి చెబుతున్నాను. నేను ఇరవై నాలుగేళ్ళప్పుడు ఇల్లు ఎందుకు వదిలానో ఎవరికీ చెప్పలేదు. డబ్బు కోసమని అందరూ అనుకున్నారు. కాదు. నా మూడో గిటార్ నాన్న వేలితో తట్టి చూసి, పక్కన పెట్టి, "ఎవరిస్తో, నీది తలుపులు చేసే చెయ్యిరా" అన్నాడు. నిజంగానే తలుపులు చేశాను, జీవితమంతా. ఒకే ఒక్క మాటతో మనసుకి సర్దిచెప్పుకున్నాను. ఆ విద్య నాన్నతో పుట్టింది, నాన్నతో పోయింది, మా ఇంట్లో మరెవరికీ రాలేదు, అందులో నా తప్పేం లేదు అని.

ఆహ్వానాలు అచ్చయ్యాయి. బల్ల మళ్ళీ పాతచోట పెట్టించు.

ఎవరిస్తో


గ్రనాడా,
మే 10, 1987

అన్నయ్యా,

నీ మూడో గిటార్ సంగతి నాకు తెలియదు. రెండుసార్లు చదివాను. నాన్న నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు, ఆ ఒక్క మాటకి నువ్వు ఇంత దూరం వెళ్ళిపోయావన్నమాట. నీకు ఈ ఉత్తరం రాయకుండా ఉంటే బాగుండేది. నా నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ తిట్టేది కదా, ఇరవై ఒక్క ఏళ్ళు నానింది. ఇక నా వల్ల కాదు.

1966 నుంచి నాన్న చేతులు వణికేవి. ముందు కుడిది, ఏడాది తిరక్కుండా రెండూ. జేబుల్లో పెట్టుకుని నిలబడేవాడన్నావే, అది ధీమా కాదు. కాఫీ కప్పు పట్టుకుంటే సాసరు మీద టకటకలాడేది. డాక్టరు మందులిచ్చాడు, ఏమీ తగ్గలేదు. అప్పటికి నాలుగు గిటార్లకి మాట ఇచ్చి ఉన్నాడు. ఓ రోజు గిటార్ పైపలక లోపల బలానికి అతికించిన పుల్ల చెక్కుతూ ఉలి జారి పలక చీలింది. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. నాన్న ఏడవడం అదే నేను చూడటం. తర్వాత తల ఎత్తకుండానే, "కసిల్డా, ఆ ఉలి తీసుకో" అన్నాడు.

నేను తీసుకున్నాను. ఎడమ చేత్తో. "దేవుడా, అది కూడా తిరగేసే పట్టుకుంటుంది" అన్నాడు.

ఆనాటి నుంచి పోయేదాకా పదమూడేళ్ళలో నలభై ఏడు గిటార్లు. అన్నీ నేనే చేశాను. నాన్న పొట్టి స్టూలు మీద కూర్చుని నోటితో చేసేవాడు. "ఇంకా పల్చగా. ఆగు. చంపేశావే దాన్ని! లేదు, బతికింది, ఫర్లేదు." గాలి పొడిగా ఉన్న రోజు చూసి అతికించడం, తట్టి చెవి పెట్టి వినడం, అన్నీ ఆ తిట్లలోంచే నేర్చుకున్నాను. వీధి తలుపు చప్పుడైతే ఉలి బల్ల కింద పడేసి పాలిష్ గుడ్డ అందుకునేదాన్ని. నాన్న లేచి బల్ల దగ్గర నిలబడి జేబుల్లో చేతులు పెట్టేవాడు. వచ్చినవాళ్ళు, "అదృష్టవంతులు మాస్టారూ, అమ్మాయి చేతికింద ఉంది" అనేవాళ్ళు. వాళ్ళు వెళ్ళాక ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్ళం. మొదట్లో నవ్వేవాళ్ళం. తర్వాత తర్వాత నాకు నవ్వు రావడం మానేసింది.

చివర్లో గిటార్ లోపల, కన్నంలోంచి కనపడేచోట, లేబుల్ నాన్నే అతికించేవాడు. ఆ పని మాత్రం నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. నన్ను బయటికి పంపి, తలుపు వేసుకుని, వణికే చేతుల్తో గంటసేపు. 'బాల్దొమేరో కెసాడా, గ్రనాడా.' ఆడదాని పేరుంటే ఎవడూ కొనడని నాకు చెప్పక్కర్లేదు, నాకే తెలుసు. కానీ ఒక్కసారి, నలుగురిలో కాకపోయినా మా ఇద్దరి మధ్యన, "ఇది నీదే" అని ఉంటే బాగుండేది. అనలేదు.

హిలారియో బాబాయికి నిన్న చెప్పాను. ఆయన చిరాకు పడ్డాడు. "నేను గుడ్డివాణ్ణనుకున్నావుటే? మీ నాన్న చేతులు వణికిన పదమూడేళ్ళూ గిటార్లు ఎందుకు వణకలేదో నాకు తెలియదా?" అన్నాడు. అందరికీ తెలిసి ఎవరూ చెప్పలేదన్నమాట.

నీ గోడకి ఉన్నది కూడా నాదే. వాటిలో అది పంతొమ్మిదోది. నీకోసమని తెలిసి చేశాను కాబట్టి మంచు ఏడు చెక్క తీశాను.

నాకు బల్ల కావాలి అన్నయ్యా. ఎనిమిదేళ్ళు దాని జోలికి పోలేదు, నాన్న లేకుండా ఏ పేరు పెట్టి చెయ్యాలో తెలియక. ఇప్పుడు యాభై ఒకటి నాకు. ఇంకెప్పుడు?

కసిల్డా


బార్సిలోనా,
మే 18, 1987

కసిల్డాకి,

చచ్చిపోయినవాడు లేచొచ్చి కాదనలేడు కాబట్టి ఏదైనా రాయొచ్చు.

నాన్నకి చేతకానప్పుడు నువ్వు సాయం చేసి ఉంటావు, నేను నమ్ముతాను. ఆ సాయాన్ని ఇంత చేసి చెప్పడం నీకు తగదు. నేను పదేళ్ళు నాన్న పక్కన పనిచేసినవాణ్ణి. ఆయన చెయ్యి నాకు తెలుసు. నా గిటార్ ఆయన చెయ్యే.

లారీ సెప్టెంబర్ 12న వస్తుంది.

ఎవరిస్తో


గ్రనాడా,
జూన్ 1, 1987

అన్నయ్యకి,

సరే. నువ్వు పదేళ్ళు పనిచేసినవాడివి కాబట్టి నీకు చూడటం వచ్చు. చూడు.

తీగలు వదులు చెయ్యి. పళ్ళ డాక్టరు వాడే చిన్న అద్దం ఒకటి సంపాదించు. సైకిల్ లైటు బల్బుకి వైరు కట్టి గిటార్ కన్నంలోంచి లోపలికి దించు. అద్దం పైపలక లోపలివైపుకి తిప్పు. విసనకర్రలా పరిచిన ఏడు పుల్లలు కనపడతాయి. వాటి కొసలు చూడు. నాన్న, నువ్వు, హిలారియో బాబాయి, ఈ వీధిలో కుడిచేత్తో ఉలి పట్టిన ప్రతివాడూ కోస్తే ఆ కొసల చెక్కు ఒకవైపుకే వాలుతుంది. ఎటో నీకు తెలుసు, నీ చేత్తో ఎన్నో కోశావు. అవి ఎటు వాలి ఉన్నాయో చూడు. అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయని మర్చిపోకు, ఆ వంక పెట్టి నన్ను మళ్ళీ తిట్టకు.

చూసిన తర్వాత కూడా అది నాన్న చెయ్యే అని నువ్వు రాస్తే, లారీ పంపు. బల్ల నేనే దగ్గరుండి ఎత్తిస్తాను. నోరు మెదపను. అచ్చులు, ఉలులు, జిగురు గిన్నె, అన్నీ పట్టుకెళ్ళు. నీ మాట మీద వదిలేస్తున్నాను.

ఈలోపు చేతులు ఊరుకోవు కాబట్టి ఒక గిటార్ మొదలుపెట్టాను.

కసిల్డా


బార్సిలోనా,
ఆగస్టు 9, 1987

చెల్లాయికి,

నీ ఉత్తరం అందిన సాయంత్రమే చూశాను. రెండు నెలలు జవాబు రాయలేదు. రాయలేకపోయాను.

ఏడు పుల్లలూ, ఏడింటి కొసలూ ఎడమచేత్తో కోసిన వైపే వాలి ఉన్నాయి. అద్దం తారుమారు సంగతి లెక్కవేసుకుని నాలుగు సార్లు చూశాను. చివరికి ఓ చెక్క ముక్క తీసుకుని నా చేత్తో కోసి పక్కన పెట్టి చూశాను. మీ వదిన పక్కన నిలబడి, "ఏమైంది, పురుగు పట్టిందా?" అంది. "పట్టింది, నాకు" అన్నాను.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ముందు నీ మీద జాలి కలగలేదు, మెచ్చుకోలు కలగలేదు. కుళ్ళుకున్నాను. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడిలా కుళ్ళుకున్నాను. విద్య నాన్నతోనే పోయిందనుకుని బతికాను. పోలేదు, మా చెల్లికి వెళ్ళింది, నాకు రాలేదు. యాభై ఆరేళ్ళ మనిషిని, వంటింట్లో కూర్చుని దానికి ఏడ్చాను. ఆ ఏడుపు తగ్గడానికి జూలై అంతా పట్టింది.

తగ్గాక గిటార్ దించి వాయించాను. ఏం మారలేదు. అదే గొంతు. పదహారేళ్ళుగా నా ఇంట్లో పలుకుతున్నది నువ్వు. దాని ముందు కూర్చుని నేను నాన్న గురించి మాట్లాడుతున్నాను. సిగ్గేసింది కసిల్డా.

పోయిన ఆదివారం సంఘంలో లేచి అంతా చెప్పేశాను. బల్ల రాదని, ఎందుకు రాదో కూడా. కొందరు గొణిగారు. అధ్యక్షుడు ముఖం మాడ్చుకుని, "మరి ఆ గదిలో ఏం పెట్టమంటావ్?" అన్నాడు. "కుర్చీలు పెట్టండి, జనం కూర్చుంటారు" అన్నాను. లారీ రాదు. సగం వాటా సంగతి కూడా నోటరీ దగ్గరికి వెళ్ళి రాయించాను, కొట్టు నీది. కాగితం ఇందులోనే ఉంది.

ఇంకో పని కూడా చేద్దామనుకుంటున్నాను. ఈ గిటార్‌కి నాన్న లేబుల్ ఉండటం అన్యాయం. రేపు తడిగుడ్డ పెట్టి మెల్లగా లేపేస్తాను. నువ్వు నీ పేరుతో ఒకటి రాసి పంపు, అంటిస్తాను.

మర్నాడు.

కవరు నిన్న అంటించకపోవడం మంచిదైంది.

గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి లేబుల్ మీద అరగంట ఉంచాను. చెయ్యి లోపలికి పెట్టి అంచు పట్టుకుని లాగితే మొత్తం వచ్చేసింది. బల్బు దించి చూశాను, జిగురు మిగిలితే తుడుద్దామని. చెక్క మీద పెన్సిల్ రాత ఉంది. లేబుల్ సరిగ్గా కప్పేంత చోటులో. గీతలు అటూ ఇటూ కొట్టుకున్నాయి, ఒక్కో అక్షరం రెండు మూడు సార్లు దిద్దినట్టుంది. మీ వదిన చేత కూడా చదివించాను, నా కళ్ళ మీద నాకు నమ్మకం లేక.

'ఇది కసిల్డా చేసింది. నేను కూర్చుని చూశాను. నాకంటే బాగా చేస్తుంది. బా. కె.'

ఇంకేం రాయను.

ఎవరిస్తో


గ్రనాడా,
ఆగస్టు 24, 1987

అన్నయ్యా,

నీ ఉత్తరం కొట్లోనే నిలబడి చదివాను. చదివి, మడిచి, ఆప్రాన్ జేబులో పెట్టుకుని, చేస్తున్న పని పూర్తి చేశాను. జిగురు చల్లారిపోతుంది కదా. తర్వాత గుమ్మం మీద కూర్చుని వీధంతా వినపడేట్టు ఏడ్చాను. హిలారియో బాబాయి పరిగెత్తుకొచ్చాడు, ఎవరు పోయారని. ఉత్తరం చేతికిచ్చాను. ఆయన చదివి, ముక్కు చీదుకుని, "మొండి గాడిద" అన్నాడు. నాన్ననే.

సంతోషం ఎంత వచ్చిందో కోపం అంత వచ్చింది. నీకు కాక ఎవరికి చెప్పను? ఆ మనిషి నాకు రెండు గజాల దూరంలో పదమూడేళ్ళు కూర్చున్నాడు. 'నాకంటే బాగా చేస్తుంది' అన్న మాట నోటితో అంటే ఏం పోయేది? నన్ను బయటికి పంపి తలుపు వేసుకుని చేసిన పని ఇదా? వణుకుతో ఒక్కో అక్షరం దిద్దుకుంటూ రాసి, దాని మీద తన పేరు అంటించేసి, నన్ను లోపలికి పిలిచి, "పాలిష్ ఇంకా ఆరలేదు, చూసుకో" అన్నాడు.

మిగతావాటి మీద కూడా రాశాడేమో చూడకుండా ఉండలేకపోయాను. నాన్న చివరి గిటార్ మా ఇంట్లోనే ఉంది. దాని లేబుల్ లేపాను. ఒట్టి చెక్క. చౌకు దగ్గర బార్ నడిపే ఇందలేసియోది ఒకటి రిపేరుకి వచ్చింది, అడిగి దానిదీ లేపాను. ఏమీ లేదు. మరో నలుగురి దగ్గర ఉన్నవి ఎక్కడున్నాయో తెలుసు, కానీ ఇక వద్దనుకున్నాను. నాకు అర్థమైంది. నాన్న ఆ మాట నీకు పంపిన దాని మీదే రాశాడు. నాకు చెప్పడానికి కాదు, నీకు చెప్పడానికి. కొడుకుతో ఒక మాట అని ఇంట్లోంచి పంపేసినవాడు, రెండో మాట నోటితో అనలేక చెక్క మీద రాసి, నువ్వు ఎప్పటికైనా చూస్తావని పంపాడు. ఆ లేబుల్ లేపాలని నీకు తోచింది కాబట్టి అది చేరింది. తోచకపోతే ఎప్పటికీ చేరేది కాదు.

నోటరీ కాగితం చూశాను. వద్దని రాద్దామనుకున్నాను, మళ్ళీ ఆగాను. తీసుకుంటున్నాను. సెప్టెంబర్ 12న లారీ లేదు కాబట్టి నువ్వు రా. వదినని తీసుకురా. కొట్టుకి తలుపు సరిగ్గా మూసుకోవట్లేదు, నికాసియో మూడు సార్లు చూసి చేతులెత్తేశాడు. తలుపులు చేసే చెయ్యి మన ఇంట్లో ఒకటి ఉందని చెప్పాను.

ఆ గిటార్ లేబుల్ మళ్ళీ అంటించు. నాన్నదే, నా పేరు అక్కర్లేదు. అది నీకూ నాన్నకీ మధ్యన ఉండిపోనీ.

నా కొత్తదాని పెట్టె మొన్న మంగళవారం పొడిగాలి చూసి అతికించి మూశాను. తట్టితే చాలా బాగా పలుకుతోంది, ఎవరూ అనకపోయినా నేనే అంటున్నాను. లేబుల్ నేనే అంటించాను, తలుపు తీసే ఉంచి. 'కసిల్డా కెసాడా, గ్రనాడా, 1987.' దాని కింద ఏమీ రాయలేదు.

నీ చెల్లి,
కసిల్డా